నిదానంగా పుట్టే ప్రేమ, డిప్రెషన్ ఉన్న నాయిక: రాసినవాళ్లు, బతికినవాళ్లు చెప్పండి

వానచినుకు:
సీరియల్ రాస్తున్నాను. అమ్మాయికి 19, డిగ్రీ రెండో ఏడు, డిప్రెషన్. అబ్బాయిది అదే బస్సు. 22 భాగాలైనా చెయ్యి కూడా పట్టుకోలేదు. సాగదీస్తున్నానని తిడుతున్నారు. ప్రేమ ఎప్పుడు బయటపడాలి? ఆమె కోలుకోవడం ఎలా చూపించాలి?

గోదారిగట్టు:
సాగదీయండి. నాకు పానిక్ అటాక్స్ వచ్చే రోజుల్లో మా ఆయన ఏడాదిపాటు చేసిందల్లా కాలేజీ మెట్ల మీద పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలవడం. ఏమైందని ఒక్కసారీ అడగలేదు. గింజలు కాగితంలో పోసి నావైపు జరిపేవాడు. అంతే.

తెల్లకోటు:
14 ఏళ్లుగా ఫార్మసిస్టుని, డిప్రెషన్ మందులు రోజూ నా చేతుల మీదుగానే వెళ్తాయి. కథల్లో మూడోరోజుకే నాయిక నవ్వేస్తుంది. ఎస్సిటాలోప్రామ్ లాంటివి గుణం కనిపించడానికే రెండు నుంచి నాలుగు వారాలు. ముందు వికారం, నిద్ర పట్టకపోవడం రావచ్చు. ఆ నెల రోజులు రాయండి, సాగదీత అని ఎవరంటారో చూద్దాం.

రాత్రిబస్సు:
9వ భాగంల దోస్తు ‘నిన్ను ఎర్రగడ్డకు పంపాలెరా’ అంటడు. అది తీసెయ్యండి. మా అన్నను నెలనెలా అక్కడి మానసిక ఆసుపత్రి ఓపీకి తీస్కపోయేది నేనే. ఏ పెండ్లికి పోయినా ఇదే జోకు.

కారంపొడి:
కుర్రాళ్లు అలాగే మాట్లాడతారండీ. పాత్ర నోరు కుట్టేస్తే కథలో ఏం మిగులుతుంది?

రాత్రిబస్సు:
ఎట్ల మాట్లాడ్తరో నాకు తెల్వదా? ఆ పిల్ల ముంగటనే అన్నడు, ఆమె నవ్వి ఊకున్నది. ఎవ్వరు నవ్వరన్నా. ఇంటికొచ్చి తలుపేస్కుంటరు.

వాల్తేరుపిల్ల:
విశాఖలో అలాంటి ఆసుపత్రి ఉన్నది మా వాల్తేరులో, ఆ జోకుకి మా పేరే వాడతారు. స్కూల్లో మాది ఎక్కడో చెప్పేదాన్నే కాదు.

కారంపొడి:
అయితే ఆ తలుపేసుకోవడమే రాయమనండి. మాట తీసేయడానికి మాత్రం నేను ఒప్పుకోను.

తెల్లకోటు:
17వ భాగంలో మెలకువగా ఉన్న మనిషిని కట్టేసి షాకు పెట్టారు. మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా అది చేయకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది. తెలుసుకుని రాయాలి.

గోదారిగట్టు:
ఆవిడ అడిగింది ప్రేమ గురించి. మీరు తప్పులు దిద్దుతూనే ఉన్నారు.

తెల్లకోటు:
ఆ సీను చదివి భయపడి ఆసుపత్రి గడప తొక్కనివాళ్ల సంగతేంటమ్మా?

మూడోమెట్టు:
నాది తెగిపోయిన కథ. పెళ్లిచూపుల రోజు అమ్మ నా మాత్రల స్ట్రిప్పు బియ్యం డబ్బాలో దాచింది. నిశ్చయమయ్యాక అతనికి నేనే చెప్పాను. ‘నేనున్నాగా, అవన్నీ మానెయ్’ అన్నాడు. ఎంత హాయిగా అనిపించిందో! డాక్టర్‌ని అడక్కుండా మానేశాను. మూడు వారాలకి మంచం దిగలేకపోయాను. అతను ఫోన్ ఎత్తడం మానేశాడు. మీ అబ్బాయి చేత ఆ మాట అనిపించకండి.

వానచినుకు:
24వ భాగానికి సరిగ్గా ఆ మాటే రాసి పెట్టుకున్నానండీ. కొట్టేశాను. 17 కూడా మళ్లీ రాస్తాను. ఇప్పుడెలా ఉన్నారు?

మూడోమెట్టు:
మళ్లీ వాడుతున్నాను. ఒక అర్ధరాత్రి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేశాను, తెలుగులోనే మాట్లాడారు. స్ట్రిప్పు ఇప్పుడు టీవీ పక్కనే ఉంటుంది, చుట్టాలొచ్చినా తీయను.

రాత్రిబస్సు:
మంచిగ చేసినవ్ అక్కా. మరి 9వ భాగం సంగతేంది?