ఎలక్ట్రిక్ కారు తనంతట తానే దూసుకుపోయిందా, కాలే తప్పు పెడల్ మీద పడిందా?

పటమట వాసి
మా నాన్నగారి వయసు 68. ముప్పయ్యేళ్లుగా క్లచ్ ఉన్న కార్లే నడిపారు. బందరు రోడ్డు రద్దీలో కూడా ఏనాడూ ఎవరి బండికీ గీత పడనివ్వలేదు. పోయిన నెల నేను ఎలక్ట్రిక్ కారు కొన్నాను. తొమ్మిదో రోజు ఉదయం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆయన దాన్ని రివర్సులో బయటికి తీస్తుండగా, అది ఒక్కసారిగా వెనక్కి దూసుకుపోయి, రెండు స్కూటర్లను నలిపేసి, స్తంభానికి గుద్దుకొని ఆగింది. దేవుడి దయవల్ల ఆ సమయంలో అక్కడ మనుషులు లేరు. బ్రేకు తొక్కుతూనే ఉన్నాననీ, తొక్కినకొద్దీ కారు ఇంకా వేగంగా పోయిందనీ నాన్నగారు చెబుతున్నారు. సర్వీస్ సెంటర్ వారు మాత్రం యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఉందనీ, బ్రేకును తాకనే లేదనీ కారులో నమోదైన వివరాలను బట్టి ఒక కాగితం రాసి ఇచ్చారు. అయితే సీసీ కెమెరాలో కారు వెనుక ఎర్ర దీపాలు వెలగడం స్పష్టంగా కనిపిస్తోంది. బ్రేకు తొక్కనిదే ఆ దీపాలు ఎలా వెలిగాయి?

ఆటోనగర్ మెకానిక్
తొక్కినకొద్దీ వేగం పెరిగిందన్న మాటలోనే మీకు జవాబు ఉంది. పాదం యాక్సిలరేటర్ మీద ఉంటేనే అలా జరుగుతుంది. 1980లలో అమెరికాలో ఆడి కంపెనీ ‘5000’ అనే మోడల్ కార్ల మీద అచ్చంగా ఇదే ఫిర్యాదు వచ్చింది. అక్కడి రహదారి భద్రతా సంస్థ 1989లో ఇచ్చిన నివేదికలో ఎక్కువ ప్రమాదాలకు పెడల్ పొరపాటే కారణమని తేల్చింది. టెస్లా కార్లకు సంబంధించి 246 ఘటనలతో వచ్చిన ఫిర్యాదును కూడా అదే సంస్థ పరిశీలించి, పెడల్‌లో గానీ మోటారులో గానీ బ్రేకులో గానీ లోపం ఉన్నట్టు ఆధారం లేదని 2021 జనవరిలో తోసిపుచ్చింది.

భవానీపురం
ఎలక్ట్రిక్ కారులో యాక్సిలరేటర్ వదిలినా బ్రేకు దీపం వెలుగుతుంది కదా.

గుణదల కుర్రాడు
సెల్లార్ చీకటిగా ఉంటే అవి పార్కింగ్ దీపాలు కావచ్చు.

పటమట వాసి
మూడు దీపాలు వెలిగాయి, మధ్యలో పైన ఉండేదానితో సహా. అది బ్రేకు దీపమే. అందరూ అమెరికా దాకా వెళ్తున్నారు గానీ ఆ దీపం గురించి ఎవరూ తిన్నగా చెప్పడం లేదు.

బ్రాడీపేట టీచర్
నేను గుంటూరులో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను కాబట్టి ఆ దీపం సంగతి వివరంగా రాస్తాను. యాక్సిలరేటర్ వదిలినప్పుడు మోటారే జనరేటరులా తిరిగి బండి వేగాన్ని తగ్గిస్తుంది, దాన్నే రీజెన్ అంటున్నారు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల ప్రకారం ఆ తగ్గుదల ప్రతి సెకనుకూ సెకనుకు 1.3 మీటర్ల వేగం దాటితే దీపం వెలిగి తీరాలి, 0.7 మీటర్లు దాటకపోతే వెలగకూడదు. సెల్లార్‌లో నడక వేగంతో కదిలే బండికి రీజెన్ వల్ల దీపం వెలగడం అరుదు. అయితే పార్కింగ్ నుంచి రివర్సుకు మార్చాలంటే బ్రేకు తొక్కక తప్పదు, మీరు చూసిన వెలుగు ఆ క్షణానిది కావచ్చు. దీపం ఆరిన క్షణానికీ స్తంభాన్ని గుద్దిన క్షణానికీ మధ్య ఎన్ని సెకన్లు ఉన్నాయో చూసి చెప్పండి.

ఇంకో మాట కూడా ఉంది. మెకానిక్ గారు 1989 నివేదికలో సగమే చెప్పారు. ఆ కార్లలో కొన్నింటికి ఇంజను ఖాళీగా తిరిగే వేగాన్ని సర్దే పరికరంలో లోపం ఉండి, బండి అనుకోకుండా చిన్నగా ముందుకు దూకేదనీ, ఆ ఉలికిపాటులో కాలు తప్పు పెడల్ మీద పడి ఉండవచ్చనీ కూడా ఆ నివేదికలో ఉంది. తర్వాత బ్రేకు తొక్కితే తప్ప గేరు కదలకుండా తాళం పెట్టారు. తప్పు కాలిదే అయినా దిద్దుబాటు కారులోనే జరిగింది.

ఆటోనగర్ మెకానిక్
టీచర్ గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను. క్లచ్ కారు నడిపినవాళ్లు భయపడగానే రెండు కాళ్లూ కలిపి తొక్కుతారు. కుడికాలు పొరపాటున యాక్సిలరేటర్ మీద పడినా, ఎడమకాలు క్లచ్ తొక్కడంతో ఇంజను ఊరికే మోత పెడుతుందే గానీ బండి కదలదు. ఆ మోత వినగానే కాలు దానంతట అదే పైకి లేస్తుంది. ఎలక్ట్రిక్ కారులో క్లచ్ లేదు, మోతా లేదు, మోటారు సున్నా వేగం నుంచే పూర్తి బలం ఇస్తుంది. పైగా వెనక్కి తిరిగి చూస్తూ రివర్సు తీసేటప్పుడు నడుము మెలిపడి కుడి మడమ ఉన్నచోటి నుంచి జరగవచ్చు. అప్పుడు పాదం యాక్సిలరేటర్ మీద పడవచ్చు.

పటమట వాసి
అంటే తేడా అంతా కారులోనే ఉందని మీరే ఒప్పుకుంటున్నారు. టయోటా కార్ల మీద వచ్చిన ఇలాంటి ఫిర్యాదుల మాటేమిటి? 2013లో అమెరికాలోని ఒక్లహోమాలో జ్యూరీ సాఫ్ట్‌వేర్ నిపుణుల సాక్ష్యం విని కంపెనీదే బాధ్యత అంది. మాకు ఇచ్చిన కాగితాన్ని రాసింది కారు అమ్మినవాళ్లే. వాళ్ల లెక్కను వాళ్లే తనిఖీ చేసుకుంటే మేము ఎలా నమ్మాలి?

ఆటోనగర్ మెకానిక్
అదే టయోటా మీద నాసా వాళ్లు పరిశోధించి, ఎలక్ట్రానిక్ లోపమే కారణమని చూపించే ఆధారం దొరకలేదని 2011లో చెప్పారు. దొరికినవి పెడల్‌కు అడ్డుపడిన మ్యాట్లు, బిగుసుకుపోయిన పెడళ్లు. తమ్ముడూ, ఎంతకాలం దీపం పట్టుకొని వాదిస్తారు? పెద్దాయన చేత కారు నడిపించడం మానిపించండి. ఈసారి స్కూటర్ల బదులు పిల్లలుంటే ఏం చేసేవారు?

పటమట వాసి
మా నాన్నగారు కారు నడపాలో వద్దో చెప్పడానికి మీరెవరు? ఆయన ముఖమైనా చూశారా? ఆ రోజు నుంచి సెల్లార్‌లోకి దిగడం మానేశారు, మెట్ల దగ్గరి నుంచే వెనక్కి తిరిగి వస్తున్నారు.

ఆటోనగర్ మెకానిక్
నేనెవరినో చెబుతాను. నిరుడు ఒకాయన బ్రేకు ఫెయిలై గోడకు గుద్దానని మా షెడ్డు ముందు నలుగురినీ పోగుచేసి నన్ను నానా మాటలూ అన్నారు. అంతకు రెండు రోజుల ముందు బ్రేకు ప్యాడ్లు వేసింది నేనే. నాలుగు చక్రాలూ ఊడదీసి చూపించాను, ఒక్క చుక్క బ్రేకు ఆయిల్ కూడా కారలేదు. అయినా 18,000 రూపాయలు నా జేబులోంచే పెట్టుకున్నాను. కాలు తప్పిందని ఏ ఒక్కరూ ఒప్పుకోరు, నింద మాత్రం చేతిపని చేసేవాడి మీద పడుతుంది.

బ్రాడీపేట టీచర్
మీ ఇద్దరూ కారు గురించి పోట్లాడుతున్నారని నాకు అనిపించడం లేదు. కాలు తప్పిందని ఒప్పుకుంటే తండ్రిగారి చేతిలోని తాళం తీసుకోవలసి వస్తుందని ఒకరి భయం, ఒప్పుకోకపోతే ఇంకో మెకానిక్ మీద నింద పడుతుందని ఇంకొకరి కోపం. రెండేళ్ల కిందట అరండల్‌పేటలో నేను మా కోడలి ఆటోమేటిక్ కారు నడుపుతూ, క్లచ్ అనుకొని ఎడమకాలితో బ్రేకు గట్టిగా తొక్కాను, వెనుక వస్తున్న ఆటో వచ్చి తగిలింది. అప్పటి నుంచి ఇంట్లో నాకు తాళం ఇవ్వలేదు. ఎవరూ దగ్గర కూర్చొని నేర్పనూ లేదు. మన దగ్గర క్లచ్ కారుకూ ఆటోమేటిక్‌కూ ఒకటే లైసెన్సు, కాబట్టి కొత్తగా నేర్చుకోవాలన్న ఆలోచనే ఎవరికీ రాదు.

జపాన్‌లో 2019లో టోక్యోలోని ఇకెబుకురో దగ్గర 87 ఏళ్ల పెద్దాయన నడిపిన కారు కింద పడి ఒక తల్లి, మూడేళ్ల కూతురు చనిపోయారు. ఆయన కూడా లోపం కారుదేనని వాదించారు, కోర్టు 2021లో ఒప్పుకోకుండా అయిదేళ్ల శిక్ష వేసింది. అంతటితో వదిలేయకుండా, ఆగి ఉన్న బండి ముందు అడ్డు ఉన్నప్పుడు యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా తొక్కితే శక్తిని అణిచివేసే ఏర్పాటును 2028 సెప్టెంబరు నుంచి కొత్త ఆటోమేటిక్ కార్లకు అక్కడ తప్పనిసరి చేస్తున్నారు. చైనాలో 2023లో 11 లక్షలకు పైగా టెస్లా కార్లకు సాఫ్ట్‌వేర్ మార్చి, రీజెన్ బలాన్ని ఎంచుకొనే వీలు, యాక్సిలరేటర్‌ను చాలాసేపు లోతుగా నొక్కితే హెచ్చరించే ఏర్పాటు పెట్టించారు. ఇంతకీ మీ కారులో రీజెన్ ఏ స్థాయిలో ఉంది?

పటమట వాసి
అన్నింటికంటే పై స్థాయిలో ఉంది, పెట్టింది నేనే. చార్జింగ్ కలిసి వస్తుందని కొన్న రోజే పెట్టాను, నాన్నగారికి చెప్పలేదు. షోరూములో స్క్రీన్, ఫోను యాప్ చూపించారు గానీ పెడళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆ ఎనిమిది రోజులూ యాక్సిలరేటర్ వదిలితే చాలు బండి ఆగిపోతోందని ఆయన సంబరపడ్డారు.

బ్రాడీపేట టీచర్
అలాగైతే ఎనిమిది రోజులూ ఆయన పాదం బ్రేకు మీదికి పోయే అవసరమే దాదాపుగా రాలేదు. ఆపడానికీ పోనివ్వడానికీ ఒకే పెడల్ అలవాటైంది. భయం వేసినప్పుడు కాలు కిందికే పోతుంది, పైకి లేవదు.

పటమట వాసి
ఫుటేజీ మళ్లీ చూశాను. కారు కదిలిన వెంటనే దీపాలు ఆరిపోయాయి. గుద్దేవరకూ మూడు సెకన్లు, మళ్లీ వెలగలేదు.

ఆటోనగర్ మెకానిక్
మొదట్లోనే ఇది చూసుకొని ఉంటే ఇంత మాట అనవలసి వచ్చేది కాదు, క్షమించండి. ఆదివారం మా వైపు రోడ్లు ఖాళీగా ఉంటాయి, పెద్దాయన్ను తీసుకురండి. చెప్పులతో వద్దు, బూట్లు వేసుకోమనండి. రీజెన్ అట్టడుగుకు దించి, వంద సార్లు బ్రేకు మీదికి కాలు మార్పిద్దాం. ఆ తర్వాత కూడా కాలు తడబడితే మాత్రం తాళం తీసుకోవాలనే నేను అంటాను.

పటమట వాసి
వస్తాం. కారులో నమోదైన వివరాల పూర్తి ప్రతి కావాలని రాసిన ఉత్తరాన్ని మాత్రం వెనక్కి తీసుకోను. నాన్నగారికి ఫుటేజీ ఇంకా చూపించలేదు.