పేటెంట్ కొన్నాం, రిజిస్టర్‌లో మాత్రం ఇంకా పాత యజమాని పేరే ఉంది. ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండ్‌లో కోవెంట్రీలో ఉంటాం. పంపు సీల్‌కి సంబంధించిన ఒక యూకే పేటెంట్‌ని మా వారు 2023 మార్చిలో కొన్నారు. ఒప్పందం రెండు పేజీలే. చివర అమ్మినాయన నీలం ఇంకు సంతకం ఉంది, మా వారి సంతకం లేదు. 1977 పేటెంట్స్ యాక్ట్ సెక్షన్ 30 ప్రకారం బదిలీ రాతపూర్వకంగా ఉండి, ఇచ్చేవారు సంతకం చేస్తే చాలని చదివాక కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

కానీ దాన్ని నమోదు చేయించలేదు. నా టెన్షనంతా అదే. సెక్షన్ 33 చూస్తే, ఆయన అదే హక్కును మన సంగతి తెలియని ఇంకొకరికి అమ్మితే వాళ్లదే పైచేయి అయ్యేలా ఉంది. పైగా సెక్షన్ 68 ఉంది: ఆరు నెలల్లోపు నమోదు కాకపోతే, నమోదుకు ముందు జరిగిన ఉల్లంఘన మీద కేసు గెలిచినా మామూలుగా కోర్టు ఖర్చులు ఇప్పించరు. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.

ఇప్పుడు బర్మింగ్‌హామ్‌లోని ఒక వర్క్‌షాప్ వాళ్లు ఎక్స్‌క్లూజివ్ లైసెన్స్ (వాళ్లు మాత్రమే వాడుకునే హక్కు) అడుగుతున్నారు. అమ్మినాయనేమో ఫోన్ ఎత్తడం లేదు. ఫారం 21 (యజమాని మార్పు నమోదుకు పెట్టే దరఖాస్తు) మీద ఆయన సంతకం లేకుండా, ఒప్పందం కాపీ జతచేసి పంపితే యూకే ఐపీఓ (పేటెంట్లు నమోదు చేసే ప్రభుత్వ ఆఫీసు) వాళ్లు ఒప్పుకుంటారా? బదిలీ నమోదయ్యాకే లైసెన్స్ మీద సంతకం పెట్టాలా, రెండూ ఒకేసారి పంపవచ్చా? ఇలా ఆలస్యంగా నమోదు చేయించుకున్నవాళ్లెవరైనా ఉంటే మీ అనుభవం చెప్పండి, ప్లీజ్. వచ్చే వారంలోగా వాళ్లకు జవాబివ్వాలి.