సమస్య: ఆపివేసిన యాటయే యాడుచుండె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఒక దిగులులోంచి పుట్టింది. నేను ఏళ్లుగా వదలకుండా చూసిన ఒక రియాలిటీ షోని ఆపేశారు. ఇంకో ఛానల్‌వాళ్లు తీసుకుంటారేమో అని అప్పటి నుంచి రోజూ వెతుకుతున్నాను. ఆపేసిన ఆట ఆడుతూ ఉండటం ఎలా కుదురుతుంది? పై పాదం నాలుగోదిగా వచ్చి, అర్థం కుదిరేలా పద్యం పూరించండి. ఛందస్సు తేటగీతి: ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు, నాలుగో గణం మొదటి అక్షరానికి యతి (పాదం మొదటి అక్షరంతో పొంతన). పాదం చివర విసంధిని (సంధి చేయకుండా వదిలేయడాన్ని) ఈసారి దోషంగా పట్టుకోను. విషయంలో తప్పుంటే మాత్రం వదలను.

చిరుగాలి:
ఒక్క ఛానలు వద్దన్న నొకటి వచ్చి
హక్కు సొమ్మిచ్చి కొనగ నే డద్భుతముగ
తెరయె మారెను గాని యా తీరు విడక
ఆపివేసిన యాటయే యాడుచుండె

నిర్వాహకుడు:
గణాలు, యతి అన్నీ కుదిరాయి. 'హక్కు' అన్న మాట పద్యంలోకి రావడం నాకు చాలా నచ్చింది, అసలు కీలకం అదే. షో పేరు, ఆట నియమాలు, సెట్ నమూనా ఎక్కువ సార్లు ఛానల్ సొత్తు కావు. అవి ఫార్మాట్ సొంతదారువి. ఛానల్ కొన్నాళ్లకు అనుమతి కొనుక్కుంటుంది. ఆ గడువు తీరాక సొంతదారు ఇంకో తలుపు తట్టవచ్చు. 'అద్భుతముగ' అన్నది మాత్రం గణం కోసం వచ్చిన మాటలా ఉంది. డబ్బిచ్చి కొనుక్కోవడంలో అద్భుతం ఏముంది?

తేనెచుక్క:
బీబిసీ యింట నెదిగిన వేదిక యది
నాల్గు నంబరు ఛానలు నచ్చి కొనగ
పెద్ద యావిడ రాకున్న పిండి వంట
ఆపివేసిన యాటయే యాడుచుండె

పాలపిట్ట:
తేనెచుక్క గారూ, 'పెద్ద యావిడ' అనగానే న్యాయనిర్ణేత మేరీ బెర్రీ కళ్లముందు కనిపించారు. పద్యం హాయిగా నడిచింది. కానీ ఆ కేకుల పోటీని, 'ద గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్'ని, బీబీసీ ఆపేయలేదు కదండీ! 2016లో నిర్మాతలే దాన్ని ఛానల్ 4కి ఇచ్చారు, 2017 నుంచి అక్కడ వచ్చింది. ఇంకో న్యాయనిర్ణేత పాల్ హాలీవుడ్ షోతో వెళ్లారు, మేరీ బెర్రీ బీబీసీతోనే ఉండిపోయారు. మూడు పాదాలూ ఇల్లు మారిన ఆట గురించి, నాలుగోది ఆపేసిన ఆట గురించి. అతుకు కనబడుతోంది.

నిర్వాహకుడు:
నిజం. రద్దవడం వేరు, చేయి జారిపోవడం వేరు. బేక్ ఆఫ్ విషయంలో ఛానల్ వద్దనుకోలేదు, పోగొట్టుకుంది. సమస్యకు అది చాలదు. ఇంకోటి ప్రయత్నించండి, మీ నడక బాగుంది.

తేనెచుక్క:
ఒప్పుకుంటున్నాను. ఇదిగో 'అమెరికన్ ఐడల్' మీద:

ఫాక్సు దించిన తెరనెత్తి పైకి లేపె
ఏబిసీ రెండు వత్సరా లేగినంత
పాట పోటీకి క్రొత్తగా ప్రాణమబ్బె
ఆపివేసిన యాటయే యాడుచుండె

నిర్వాహకుడు:
ఇప్పుడు సమస్య పూర్తిగా తీరింది. ఫాక్స్‌లో 2002 నుంచి 15 సీజన్లు నడిచి 2016 ఏప్రిల్‌లో ముగిసింది. అది ఆఖరి సీజన్ అని ఏడాది ముందే చెప్పేశారు. 2018 మార్చిలో ఏబీసీలో మళ్లీ మొదలైంది. రెండేళ్ల లెక్క కూడా సరిపోయింది. ఏబీసీని ఏబిసీ చేయడం చెవికి ఇబ్బందిగా లేదు.

ఒక్క సవరణ. 'ఎత్తి' అన్నాక 'పైకి లేపె' అనడం పునరుక్తి. 'ఫాక్సు దించిన తెరతాడు పైకి లాగె' అంటే? 'తెరతాడు' కూడా 'తెరనెత్తి' లాగే సలగణం, యతి ఎక్కడికీ పోదు. పైగా తాడు పట్టుకుని లాగుతున్న చెయ్యి కనిపిస్తుంది.

తేనెచుక్క:
తెరతాడు! నాకు తట్టనేలేదు. మార్చేశాను.

గోరింట:
నేను కొత్త. తప్పులుంటే చెప్పండి.

ఓటు వేసిన వాళ్ళం ఊరుకోము
వేల లేఖలు పంపగా వేరె తెరను
అడిగి తెచ్చిరి, కనులార హాయి గనుడు
ఆపివేసిన యాటయే యాడుచుండె

చిరుగాలి:
స్వాగతం గోరింట గారూ! రెండు, మూడు పాదాలు శుభ్రంగా ఉన్నాయి. మొదటి పాదంలో గణభంగం. 'ఓటు' గలం, 'వేసిన' భగణం, అక్కడిదాకా బాగుంది. తర్వాత 'వాళ్ళం ఊ' మూడూ గురువులే, అది మగణం అవుతుంది. అక్కడ ఇంద్రగణం రావాలి. 'ఓటు వేసిన చేయెట్టు లూరకుండు' అని చూడండి. ఓ, ఊ యతిమైత్రి కూడా కుదురుతుంది.

గోరింట:
'చేయెట్టు లూరకుండు' చదవగానే ఒళ్లు పులకరించింది. నా మాటకంటే నా మనసుకు దగ్గరగా ఉంది. ధన్యవాదాలండీ.

నిర్వాహకుడు:
విషయం మీద ఒక మాట చెప్పాలి, బాధపడకండి. లేఖల వల్లే షో వేరే తెరకు వెళ్లదు. ఇంత మంది ఎదురుచూస్తున్నారని కొనబోయే ఛానల్‌కు ధైర్యం చెప్పడానికి పనికొస్తాయి, అంతే. ఖర్చుకు సరిపడా ప్రకటనలు వస్తాయా, ఆ రాత్రి వేళలో చోటుందా అని వాళ్లు లెక్క చూసుకుంటారు. అయితే పెద్ద ఛానల్‌కు చాలని ప్రేక్షకుల సంఖ్య చిన్న ఛానల్‌కు పండగే కావచ్చు. నా ఆశంతా అక్కడే ఉంది.

పాలపిట్ట:
మనకు బాగా తెలిసిన షోతో నా పూరణ:

మాను విడిచిన చిలుకకు మరొక కొమ్మ
జెమిని దొరకగ, పేరులో చిన్న మార్పు
ప్రశ్న లవియేను, కుర్చీల పద్ధ తదియె
ఆపివేసిన యాటయే యాడుచుండె

నిర్వాహకుడు:
దీన్ని నాలుగుసార్లు చదివాను. 'మాను విడిచిన' అంటే చెట్టును వదిలిన చిలుక, మా టీవీని వదిలిన ఆట. ఒక్క అక్షరం కదపకుండా రెండర్థాలు! ఇలాంటి శ్లేష వెతికితే దొరకదు, దానంతట అది రావాలి. 2014లో మా టీవీలో నాగార్జునతో మొదలైన 'మీలో ఎవరు కోటీశ్వరుడు', 2021లో జెమినిలో జూనియర్ ఎన్టీఆర్‌తో 'ఎవరు మీలో కోటీశ్వరులు' అయింది. మీరన్న చిన్న మార్పు అదే: మాటలు అటూ ఇటూ అయ్యాయి, ఒకరు పలువురయ్యారు. హిందీలోనూ ఈ ఆట 2000లో స్టార్ ప్లస్‌లో మొదలై, 2010లో సోనీకి చేరింది.

చిరుగాలి:
క్విజ్‌ని రియాలిటీ షో అనొచ్చా?

నిర్వాహకుడు:
గిరి గీసుకుంటే అనకూడదేమో. ఫార్మాట్ హక్కుల దారి రెండింటికీ ఒకటే కాబట్టి నేను తీసుకుంటాను.

వానచినుకు:
క్రొత్త యెపిసోడు లేదని కుమిలె నమ్మ
పాత భాగాలె రాత్రులు వరుస పెట్టి
మరల వేయగ నా దిగుల్ మాయమయ్యె
ఆపివేసిన యాటయే యాడుచుండె

గోరింట:
ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

నిర్వాహకుడు:
మేమందరం ఇంకో ఛానల్ కోసం పరుగెత్తాం. మీరు ఆ అవసరమే లేకుండా సమస్యను విడగొట్టారు. ఆపేసిన ఆట ఆడుతోంది, పునఃప్రసారంలో! పూరణగా ఈ వారం ఇదే అన్నిటికంటే బిగువైనది. 'దిగుల్' అని పొల్లుతో ఆపడం కూడా నాకు నచ్చింది, దిగులు అక్కడ ఠక్కున తెగిపోయినట్టుంది.

నా పూరణ కూడా పెడుతున్నాను. బ్రిటన్ 'బిగ్ బ్రదర్' మీద, మన 'బిగ్ బాస్' లాంటి షో అది. ఛానల్ 4లో 2000 నుంచి 2010 దాకా నడిచింది. వాళ్లు ఆపేస్తే 2011లో ఛానల్ 5 తీసుకుంది. 2018లో అక్కడా ఆగింది. 2023లో ఐటీవీ2లో మళ్లీ తలుపులు తీశారు. రెండుసార్లు ఆగిపోయిన ఇల్లు అది.

ఇల్లు కట్టిన వానిదే యిటుకలన్ని
అద్దె కుండిన వారిదా? హక్కు ముగియ
మూడు గడపలు దాటియు ముసలిదవక
ఆపివేసిన యాటయే యాడుచుండె

వానచినుకు:
'మూడు గడపలు' చాలా బాగుంది. కానీ అయ్యా, ఇటుకలన్నీ 'వానిదే' ఎలా అవుతాయి? బహువచనం కదా. 'వానివే', 'వారివా' అనాలి.

నిర్వాహకుడు:
అవునమ్మా, మీరు చెప్పిందే సరి. గణాలు కూడా చెదరవు. దిద్దాను:

ఇల్లు కట్టిన వానివే యిటుకలన్ని
అద్దె కుండిన వారివా? హక్కు ముగియ
మూడు గడపలు దాటియు ముసలిదవక
ఆపివేసిన యాటయే యాడుచుండె