అప్‌డేట్: కొత్త ఏటీవీలో రబ్బరు కాలిన వాసన, పికప్ పడిపోవడం – కారణం దొరికింది

నల్లగొండ దగ్గర మా బత్తాయి తోటలో ఎరువు బస్తాలు, కాయల క్రేట్లు మోయడానికి ఏటీవీ (గతుకు దారుల్లో, పొలాల్లో నడిచే చిన్న నాలుగు చక్రాల బండి) కొన్నాం. ట్రాలీ తగిలిస్తే అరగంటకే పికప్ పడిపోయి రబ్బరు కాలిన వాసన వస్తోందని పోయిన నెల ఇక్కడ అడిగాను. సమాధానాలు ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు.

సీవీటీ బెల్టు (ఇంజన్ శక్తిని పుల్లీల మీదుగా చక్రాలకు అందించే రబ్బరు బెల్టు) చూడమన్న అన్న చెప్పిందే నిజమైంది. మెకానిక్ సైడు కవరు విప్పితే బెల్టు అంచులు నున్నగా మెరుస్తున్నాయి, ఒకచోట కాలిన మచ్చ ఉంది. బరువు లాగుతూ నెమ్మదిగా వెళ్లేటప్పుడు కూడా హై గేరులోనే నడపడంతో బెల్టు పుల్లీల మీద జారి వేడెక్కిందట. ట్రాలీ లాగేటప్పుడు, గట్టు ఎక్కేటప్పుడు లో గేరు వేయాలని డెలివరీ రోజు షోరూంలో ఒక్క మాట చెప్పలేదు. ఆ బాధ ఇంకా ఉంది. అరిగే భాగమని బెల్టుకు వారంటీ కూడా ఇవ్వలేదు.

కొత్త బెల్టు వేసి పుల్లీలు శుభ్రం చేశారు. మూడు వారాలుగా లో గేరులోనే లాగుతున్నాం, వాసన లేదు, టెన్షన్ పోయింది.

అంతకుముందు ప్లగ్గు మార్చినా, వేరే బంకులో పెట్రోలు పోయించినా తేడా రాలేదు. ఎయిర్ ఫిల్టర్ మాత్రం చెల్క దుమ్ముతో నిండిపోయి ఉంది. ఈ సమస్యకు అది కారణం కాదు కానీ, ఆ దుమ్ము ఇంజన్‌లోకి పోతే పిస్టన్ రింగులు అరుగుతాయి. అందుకే ఇప్పుడు ప్రతి ఆదివారం తీసి శుభ్రం చేస్తున్నాం.

ఇంకొకటి, కొత్త బెల్టు వేశాక మొదటి కొన్ని గంటలు బరువు లేకుండా నడపమన్నారు.