కాఓర్ రెడ్ వైన్ తాగితే నోరు పిడచగట్టుకుపోతోంది: దేనితో తినాలి?

ప్రశ్న: తూలూజ్ వాసి

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా మూడేళ్లుగా ఫ్రాన్సులోని తూలూజ్‌లో ఉంటున్నాను. పోయిన నెలలో ఇక్కడికి ఉత్తరాన సుమారు 110 కిలోమీటర్ల దూరంలో ఉన్న కాఓర్ పట్టణానికి వెళ్లి, లొట్ నదిపై 14వ శతాబ్దంలో కట్టిన వాలాంత్రే వంతెన చూసి, తిరుగు ప్రయాణంలో ఒక ద్రాక్షతోటలో 2022 పంటకు చెందిన రెండు సీసాల రెడ్ వైన్ కొన్నాను. మొదటి సీసాను మిత్రులతో కలిసి, ఎండుమిర్చి దండిగా పడిన మటన్ వేపుడుతో తాగాము. గ్లాసులో రంగు ముచ్చటగా ఉంది కాని, మొదటి గుక్కకే నోరంతా చేదెక్కి నాలుక పిడచగట్టుకుపోయింది. పైగా కూరలోని కారం రెట్టింపైనట్లు అనిపించింది. ఆ సీసా పాడైపోయి ఉంటుందా? ఈ వైన్‌ను అసలు ఎలా రుచి చూడాలి, రెండో సీసాను ఏ వంటకంతో తీయాలి? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు: కేర్సీ బాటసారి

మీ సీసా పాడైపోలేదనే నా నమ్మకం. మీరు చేదు అని రాసినది చాలావరకు వగరు. ఈ రెండింటికీ మన భాషలో వేర్వేరు మాటలు ఉండటం మన అదృష్టం, ఎందుకంటే కాఓర్ వైన్‌ను అర్థం చేసుకోవడానికి ఆ తేడాయే తాళంచెవి. చేదు నాలుకకు తెలిసే రుచి. వగరు చిగుళ్లను, బుగ్గల లోపలి చర్మాన్ని పట్టి బిగించే స్పర్శ. పచ్చి అరటికాయ ముక్క కొరికినప్పుడో, సరిగా పండని నేరేడుపండు తిన్నప్పుడో కలిగేది అదే. ద్రాక్ష తొక్కలోను, గింజలోను ఉండే టానిన్లు అనే వగరు పదార్థాలు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకొని విడగొట్టడంతో నోటిలోని జారుడుతనం పోయి, పిడచగట్టినట్లు అవుతుంది.

కాఓర్ పేరు పెట్టుకునే వైన్‌లో కనీసం 70 శాతం మాల్బెక్ ద్రాక్ష ఉండాలి. మిగిలినది మెర్లో గాని తనా గాని కావచ్చు. ఇందులో మెర్లో వైన్‌ను మెత్తబరుస్తుంది, తనా వగరును ఇంకా పెంచుతుంది. 1956 ఫిబ్రవరిలో వచ్చిన మంచుదెబ్బకు ఇక్కడి తోటలు చాలావరకు చచ్చిపోగా, రైతులు మళ్లీ నాటి పెంచి, 1971లో తమ వైన్‌కు నియంత్రిత ప్రాంతీయ నామాన్ని, అంటే ఆ ప్రాంతంలో నియమాల ప్రకారం చేసిన వైన్‌కే దక్కే పేరును, సంపాదించుకున్నారు. అర్జెంటీనా మాల్బెక్ తాగిన అలవాటుతో కాఓర్ తెరిచేవారు తరచుగా నిరాశపడతారు. ద్రాక్ష ఒకటే అయినా, అక్కడి ఎండకు వచ్చే తీపి వాసనల మెత్తదనం ఇక్కడి సున్నపురాతి పీఠభూమి మీది వైన్‌లో ఉండదు. నది ఒడ్డు మెట్టలపై పండినది మాత్రం కొంత సాధువుగా ఉంటుంది.

రెండో సీసాను భోజనానికి రెండు గంటల ముందు తెరిచి, వెడల్పాటి గాజు కూజాలోకి వంపండి. వేసవిలో గది వేడి 27 డిగ్రీలుంటే ఆల్కహాలు ఘాటు తప్ప మరేదీ తెలియదు కనుక, 16, 17 డిగ్రీలకు చల్లబరచండి. గ్లాసులో మూడో వంతు మాత్రమే పోసి, తెల్ల కాగితంపై వాల్చి చూస్తే, నడిమి భాగం నేరేడు రసంలా చిక్కగా, అంచు ఊదాగా కనిపిస్తుంది. ఆ ఊదా అంచు లేత వయసుకు గుర్తు, ఏళ్లు గడిచిన సీసాలో అది ఇటుక రంగుకు తిరుగుతుంది. తిప్పకుండా ఒకసారి, తిప్పి ఇంకొకసారి వాసన చూడండి. నల్ల ఆల్‌బుఖారా, అతిమధురం నాకు ప్రతిసారీ తగులుతాయి. చిన్న గుక్క తీసుకొని, నోరంతా తిప్పి, వగరు ఎక్కడ పడుతోందో గమనించి, అప్పుడు మింగండి.

జవాబు: వంటింటి మనిషి

పై జవాబులో చెప్పినదానికి వంటవైపు నుంచి ఒక మాట కలుపుతాను. చిక్కటి టీ డికాషన్ ఒక చెంచా నోట్లో వేసుకుంటే నాలుక బిగుస్తుంది. అందులో పాలు పోస్తే ఆ బిగువు పోతుంది. పాల ప్రొటీన్లు టానిన్లను ముందే పట్టేసుకోవడమే దానికి కారణం. మాంసపు ప్రొటీను, కొవ్వు, ఉప్పు కాఓర్‌కు చేసే మేలు కూడా అటువంటిదే. కారానికి ఆ శక్తి లేదు సరికదా, ఆల్కహాలు మిరపమంటను ఎగదోస్తుంది. మీ వేపుడుతో జరిగింది అదే.

కనుక ఆ ప్రాంతపు వంటనే ఆశ్రయించండి. బాతు తొడలను ఒక రాత్రి ఉప్పులో ఉంచి, తమ కొవ్వులోనే గంటల తరబడి సన్నని సెగ మీద ఉడికించి నిలవచేసే కాన్ఫీ మీ ఊళ్లో ఏ అంగడిలోనైనా డబ్బాలలో దొరుకుతుంది. డబ్బాను గోరువెచ్చని నీటిలో ఉంచి కొవ్వు కరగనిచ్చి, తొడలను మెల్లగా బయటికి తీసి, చర్మం కిందికి వచ్చేలా పెనంపై పెట్టండి. చర్మం చిటపటలాడుతూ అప్పడంలా కరకరలాడే దాకా కదపవద్దు. అదే కొవ్వులో వెల్లుల్లి వేసి బంగాళాదుంపలు వేయించండి. ఒక ముద్ద నమిలి, ఆ జిడ్డు పెదవుల మీద ఉండగానే వైన్ తాగితే, మొదటి రోజు మిమ్మల్ని బాధించిన వగరే నోటిని కడిగి తరువాతి ముద్దకు సిద్ధం చేస్తుంది. తెల్ల చిక్కుడుగింజలు, బాతు, సాసేజీ కలిపి వండే కసూలే కూడా దీనికి చక్కగా కుదురుతుంది.

జవాబు: శాకాహారి

మాంసం తిననివారికి దారి లేదనుకోవద్దు. ఇక్కడి అక్రోట్లు, వెన్నలో వేయించిన పుట్టగొడుగులు బాగుంటాయి, అయితే పుట్టగొడుగుల్లోని సహజమైన మాంసపు రుచి వైన్ వగరును పెంచుతుంది కనుక ఉప్పు కాస్త ఎక్కువగా వేయాలి. రోకమదూర్ అనే చిన్న మేకపాల చీజును దీనితో పెట్టమని చాలామంది చెబుతారు కాని, లేత చీజుతో వైన్ లోహపు రుచికి దిగుతోందని నా అనుభవం. దానికి వైట్ వైన్ మేలు.

ప్రశ్నించినవారి నుంచి: తూలూజ్ వాసి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న కాన్ఫీ చేసి, రెండు గంటల ముందే వంపిన రెండో సీసాను తీశాము. అన్నం లేకుండా వట్టిగా తాగిన మొదటి గుక్క అప్పటిలాగే పట్టేసింది. బాతు చర్మం నమిలాక తాగిన రెండో గుక్కలో అతిమధురం నాకూ తెలిసింది. కూజా అడుగున మిగిలిన కొద్దిపాటి వైన్‌ను ఈ రాత్రి అక్రోట్లతో చూస్తాను.