పాత ప్రెస్‌లో కిటికీల పెయింట్ గీకుతున్నారు, సీసం ఉంటుందా?

చిత్తూరు బైండర్:
చిత్తూరులో ఓ పాత ప్రింటింగ్ ప్రెస్‌లో పదకొండేళ్లుగా బైండింగ్ పని చేస్తున్నా. బిల్డింగ్ మా తాతల నాటిది. కిటికీలకీ గ్రిల్స్‌కీ పచ్చ ఎనామిల్ పొర మీద పొర ఉంది. దసరాకి కొత్త రంగు వేయించాలని ఓనరు సోమవారం నుంచి గ్రైండర్‌తో గీకిస్తున్నాడు. ఆ పచ్చటి దుమ్ము కాగితం రీముల మీద, మైదా జిగురు గిన్నెలో, మా క్యారియర్ల మీద కూడా పడుతోంది. పాత పెయింట్‌లో సీసం ఉంటుందంటున్నారు. నా టెన్షన్ మా రెండేళ్ల పాప గురించి. ఇంటికెళ్లగానే నా చొక్కా పట్టుకుని నోట్లో పెట్టుకుంటుంది.

రేణిగుంట పెయింటర్:
అన్నా, ముందు ఆ గ్రైండర్ ఆపించు. రంగు చూసి సీసం ఉందో లేదో చెప్పలేం గానీ, పాత పచ్చ ఎనామిల్స్ చాలావాటిలో సీసం ఉన్న క్రోమ్ పసుపు కలిపేవారు. గ్రిల్స్‌కి అడుగున ఎర్రగా ఉంటే అది సీసం సిందూరం ప్రైమర్ అయ్యుండొచ్చు. ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) దాటకూడదనే రూల్ అమల్లోకి వచ్చిందే 2017 నవంబర్‌లో. తడిపి, వాటర్ పేపర్‌తో రుద్దమను. మంటతో పెయింట్ కాల్చే బ్లో ల్యాంప్ అసలొద్దు, సీసం పొగలో లేస్తుంది. చీపురు కూడా వద్దు, తడి గుడ్డతో తుడవాలి. మూతికి కర్చీఫ్ కడితే ఆ దుమ్ము ఆగదు. కుర్రతనంలో నేనూ అట్లే కట్టుకున్నా.

పుత్తూరు:
మా నాన్న 30 ఏళ్లు ప్రెస్‌లో సీసం అక్షరాలు కూర్చాడు. ఏమీ కాలేదే!

తిరుపతి ల్యాబ్ అక్క:
పుత్తూరు తమ్ముడూ, అచ్చక్షరం గట్టి ముక్క. పట్టుకుంటే చర్మంలోంచి పెద్దగా లోపలికి పోదు. చేతులు కడగకుండా అన్నం తింటే చిక్కు. ఇక్కడ గాల్లో తేలేది దుమ్ము.

బైండర్ గారూ, ‘బ్లడ్ లెడ్’ పరీక్ష అని అడగండి, రక్తకణాలు లెక్కపెట్టే మామూలు సీబీపీ పరీక్షలో సీసం తెలియదు. పాపకీ చేయించండి. మింగిన సీసాన్ని పిల్లల ఒళ్లు పెద్దవాళ్లకంటే 4-5 రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. డెసీలీటరుకి 5 మైక్రోగ్రాములు, ఆపైన వస్తే అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని డబ్ల్యూహెచ్‌వో అంటోంది. అంతకన్నా తక్కువైతే భయం లేదని కాదు. కడుపునొప్పి, మలబద్ధకం, నీరసం వస్తే గ్యాస్ అనుకుని మాత్రలు మింగొద్దు. పాలు తాగితే పోతుందన్నది వట్టి మాట, సీసం ఎముకల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

చిత్తూరు బైండర్:
థాంక్స్ అక్కా, అన్నా. ఓనరుతో మాట్లాడా. గ్రైండర్ ఆపాడు, మొహం మాత్రం మాడ్చుకున్నాడు. పని చొక్కా ఇవాళ ప్రెస్‌లోనే మేకుకి తగిలించి, స్నానం చేశాకే పాపని ఎత్తుకున్నా. రేపు ముగ్గురం ల్యాబ్‌కి వెళ్తున్నాం.