పొంపిరివోయి: పొ నా, బొ నా?

ఒంగోలు: లినక్స్ డెస్క్‌టాప్ ఎఫెక్టుల మెనూ తెలుగు చేస్తున్నా. కిటికీ ఒక్కసారిగా ప్రత్యక్షం కాకుండా మసగ్గా మొదలై తేటపడే ఎఫెక్టుకి ‘ఫేడ్’ అని ఉంది. మాట కోసం వెతుకుతుంటే ఎర్రన పద్యం ఒకటి నాలిక మీదే ఆడుతోంది: ‘...రాగరుచి బొంపిరివోయి...’ ముందూ వెనకా అందట్లేదు. ఆ ‘బొంపిరి’ని వాడుకోవచ్చా?

కావలి: ‘స్ఫురదరుణాంశురాగరుచిఁ బొంపిరివోయి నిరస్తనీరదా’ అన్నా. భారతంలో నన్నయ వదిలేసిన అరణ్యపర్వశేషానికి ఎర్రన ఎత్తుగడ. అసలు మాట పొంపిరి. ముందు మాట చివరి ద్రుతం (నకారం, ఇక్కడ అరసున్నగా మిగిలింది) మీద పకారం బకారమైంది. నువ్వు అరసున్న వదిలేశావు, దాంతో బొంపిరి పుట్టింది.

గూడూరు: యతిని బట్టి తేలదు. స్ఫుకి పొ చెల్లుతుంది, బొ చెల్లుతుంది. మా తాత పద్యంలో బొ అని చదివి, అర్థం చెప్పేటప్పుడు మాత్రం ఆగి, పెదాలు బిగించి ‘పొంపిరి’ అనేవాడు.

అద్దంకి: అక్షరం సరే, అర్థమో? పొంపిరివోవడమంటే ఉప్పొంగడం. ఫేడ్‌లో కిటికీ పిక్సెలంత కూడా పెరగదు. కంపోజిటర్, అంటే కిటికీలన్నిటినీ కలిపి తెర మీద చూపే ప్రోగ్రాం, ప్రతి కిటికీనీ విడి బొమ్మగా ఉంచుకుని, మామూలు తెర మీద సెకనుకు 60 సార్లు వెనకున్నదానితో కలుపుతుంది. మారేది పారదర్శకత ఒక్కటే. చిన్నగా మొదలై పెరిగే ‘స్కేల్’కి పెట్టుకోండి.

ఒంగోలు: పద్యంలో పొంపిరివోయినవి వాసరముఖాలు, అంటే తెల్లవారుజాములు కదా సార్? పొద్దు పెరగలేదు, వెలుగెక్కింది. ఫేడ్ కూడా అంతే.

నెల్లూరు: నన్నయ ‘శారదరాత్రుల’ పద్యం దగ్గర ఆగిపోయాడు. ఎర్రన అదే శరత్తులో తెల్లవారుజాము ఎత్తుకున్నాడు. ఒక కవి రాత్రి మసకబారుతుంటే ఇంకో కవి ఉదయం తేటపడుతోంది. ఇంతకన్నా మంచి ఫేడ్ ఏ కంప్యూటర్లో ఉందబ్బా! అయినా మెనూకి తిక్కన తెలుగు కావాలి. ‘తేటపడు’ చాలు.

అద్దంకి: తిక్కన అక్కడ చెయ్యి పెట్టలేదు, విరాటపర్వం నుంచి మొదలెట్టాడు. పూరించింది మా ఎర్రనే.

గూడూరు: 2007లో ఉబుంటు 7.10 అనే లినక్స్‌తో కాంపిజ్ అనే కంపోజిటర్ వచ్చినప్పుడు, ఎఫెక్టుల్లో ‘ఎక్స్‌ట్రా’ నొక్కి, కిటికీని మూల పట్టుకుని లాగితే బట్టలా సాగి, వదిలాక ఇంకా ఊగేది. లోపల స్ప్రింగుల లెక్క. దానికేం పెడతారన్నా? నా ఓటు ‘తొణుకు’కి. చంకన బిందెలో నీళ్ళ కదలిక అచ్చంగా అదే.

కావలి: తొణుకా, తొణకా? ‘నిండుకుండ తొణకదు’ అంటాం కదా, రెండో అక్షరం ణ.

గూడూరు: వ్యతిరేకంలో అట్లా మారింది. మా ఇంట్లో ణు.

నెల్లూరు: రెండూ కాదు. పాత రూపం ‘తొలకు’. రేపు నిఘంటువు తీసి పెడతా.